పశ్చిమ ఆస్ట్రేలియాలో పాడుబడ్డ బంగారు ఊళ్ళు: గ్వాలియానా, కనౌనానా, కూకినీనా, బిగ్ బెల్లా?

పెర్త్‌లో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే దక్షిణాన మార్గరెట్ రివర్‌కో, ఉత్తరాన పినకిల్స్‌కో బండి తిప్పుతారు. తూర్పు ముఖం పట్టేవాళ్ళు తక్కువ. అటువైపు ఎర్రమన్ను, ఉప్పు సరస్సులు, మధ్యమధ్యలో గనులు తప్ప ఏముందిలే అనుకుంటారు. 1890ల్లో బంగారం దొరికిందని రాత్రికి రాత్రే పుట్టి, అది అయిపోగానే ఖాళీ అయిపోయిన ఊళ్ళు డజన్ల కొద్దీ ఉన్నదీ అటువైపే.

వెళ్దామని తీర్మానించుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. మ్యాపులో అన్ని ఊళ్ళూ ఒకేలా కనిపిస్తాయి. తీరా వెళ్తే ఒకచోట మంచం, పొయ్యి, గోడకు అంటించిన పేపరుతో సహా ఇళ్ళున్నాయి, ఇంకోచోట సూచిక బోర్డులు, సమాధులు తప్ప ఇటుక ముక్క లేదు. ఒకటి చూసి రెండోది కూడా అలాగే ఉంటుందని పిల్లల్ని వెంటేసుకుని రెండొందల కిలోమీటర్లు వెళ్తే, కార్లోంచి దిగిన ఐదో నిమిషంలో "అయిపోయిందా?" అని అడుగుతారు.

## కొన్ని నిలిచాయి, కొన్ని మాయమయ్యాయి

దీనికి కారణం తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇక్కడ నీళ్ళు కరువు, ఇల్లు కట్టుకునే సరుకు కరువు. తొలినాళ్ళలో గని కార్మికులు పొదల్లో కర్రలు కొట్టుకొచ్చి, గోనెపట్టా చుట్టి, పైన రేకు పరిచి ఇల్లనిపించుకున్నారు. బంగారం తగ్గగానే ఆ రేకులు, కలప ఊడదీసి, బండికో రైలుకో ఎక్కించి తర్వాతి ఊళ్ళో మళ్ళీ నిలబెట్టారు. అందుకే ముందుగా ఖాళీ అయిన ఊళ్ళలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఊరు కూలిపోలేదు, లేచి వెళ్ళిపోయింది.

ఆలస్యంగా మూతపడ్డ ఊళ్ళ కథ వేరు. గ్వాలియా గని 1963 డిసెంబరులో ఉన్నట్టుండి ఆగింది. అప్పటికి పాత రేకుల్ని మోసుకెళ్ళి మళ్ళీ ఇల్లు కట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు, వదిలేసి వెళ్ళారు. బిగ్ బెల్ 1930ల్లో ఇటుకతో, కాంక్రీటుతో కట్టిన ఊరు. 1955లో గని మూశాక పైకప్పులు, తలుపులు పోయాయి గానీ గోడలు ఎవరూ మోసుకెళ్ళలేరు కదా.

కాబట్టి నన్నడిగితే మొదటి కొలత ఊరు ఎప్పుడు చచ్చిపోయింది, దేనితో కట్టారు అన్నదే. మిగతావి దాని తర్వాత: దారి తారు రోడ్డా మట్టి రోడ్డా, రాత్రికి తలదాచుకునే చోటు ఎంత దూరం, వెంట ఎవరున్నారు.

## గ్వాలియా: ఒక్కటే చూడగలిగితే ఇదే

పెర్త్‌కు తూర్పున ఉన్న గనుల పట్నం కల్గూర్లీ నుంచి ఉత్తరంగా గోల్డ్‌ఫీల్డ్స్ హైవే మీద సుమారు 235 కిలోమీటర్లు, లియోనోరా ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందు. దారంతా తారు రోడ్డే, మామూలు కారు చాలు.

1896లో ఇక్కడ బంగారం దొరికింది. తవ్వకాలకు పెట్టుబడి పెట్టింది వేల్స్ దేశం మనిషి, అందుకే గనికి 'సన్స్ ఆఫ్ గ్వాలియా' అని వేల్స్‌కున్న పాత కవితా నామం పెట్టారు. 1898లో లండన్ కంపెనీ బ్యూయిక్ మోరింగ్ ఈ గనికి మేనేజరుగా పెట్టిన 23 ఏళ్ళ అమెరికన్ ఇంజినీరు పేరు హెర్బర్ట్ హూవర్. తర్వాత 1929లో అమెరికా అధ్యక్షుడైనాయన ఆయనే. కొండమీద మేనేజరు బంగళాను ఆయన హయాంలోనే మొదలుపెట్టారు, పూర్తయ్యేలోపే ఆయన చైనా వెళ్ళిపోయాడు. ఇప్పుడది 'హూవర్ హౌస్' పేరుతో బస చేసే ఇల్లు. గదులు బాగా తక్కువ, ముందే చెప్పుకోవాలి. కిటికీ తెరిస్తే ఎదురుగా గని గొయ్యి.

కొండ కింద కార్మికుల ఇళ్ళు ఉన్నాయి. ఇటలీ నుంచి, యుగోస్లావియా వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. హూవర్ ఇటాలియన్లను పెద్ద ఎత్తున పనిలోకి తీసుకున్నాడు, తక్కువ కూలికి ఎక్కువ పని చేస్తారని. ఆ రేకుల గదుల్లో వంగి నడవాలి. నేల మట్టి. గోడకు గోనెపట్టా. ఊరి దుకాణం, ఒంటరి మగవాళ్ళు బస చేసిన హాస్టలు కూడా అలాగే ఉన్నాయి. 1903లో ప్రభుత్వమే సొంతంగా కట్టించిన హోటలు భవనం మాత్రం రెండంతస్తుల ఇటుక కట్టడం. దొంగసారా అరికట్టడానికి సర్కారే బారు తెరిచిందన్నమాట. మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో పెద్ద ఆశ్చర్యం ఉండదు.

మూతపడేనాటికి గని నుంచి సుమారు 26 లక్షల ఔన్సుల బంగారం తీశారు. మూశాక వెయ్యికి పైగా జనం ఉన్న ఊరు మూడు వారాల్లో నలభై మందికి దిగింది. అంత తొందరగా ఖాళీ అవడమే ఈ ఊరిని కాపాడింది. 1970ల నుంచి స్థానికులు మ్యూజియంగా నిలబెడుతూ వచ్చారు.

ఇక్కడ ఒక మాట. గ్వాలియా చూసి "పాడుబడ్డ ఊరు చూశాం" అనుకోవద్దు. ఇది కాపాడిన ఊరు. రేకులు సరిచేశారు, ప్రతి ఇంటి ముందూ వివరాలున్నాయి. పైగా గని 1980ల్లో మళ్ళీ తెరిచారు, పక్కనే లారీల రొద వినిపిస్తూనే ఉంటుంది. నిర్మానుష్యం, నిశ్శబ్దం కోరుకునేవాళ్ళకు ఇది కాస్త నిరాశే. చరిత్ర అర్థం కావాలనుకునేవాళ్ళకు మాత్రం దీనికి సాటి మరొకటి లేదు.

## కనౌనా: ఏమీ లేదు, అదే చూడాలి

కల్గూర్లీ నుంచి ఇరవై కిలోమీటర్లు. 1893లో బంగారం దొరికింది. మంచి రోజుల్లో పన్నెండు వేల మంది, పదహారు హోటళ్ళు, బీరు తయారీ కేంద్రాలు, చర్చిలు, కల్గూర్లీకి గంట గంటకూ రైలు. 1950ల నాటికి మనిషన్నవాడు లేడు. ఇప్పుడు వెళ్తే పాత రైల్వే ప్లాట్‌ఫారం గట్టు, శ్మశానాలు, "ఇక్కడ పోస్టాఫీసు ఉండేది" అని చెప్పే బోర్డులు. అంతే.

మన పల్లెల పక్కన ఉండే పాటిదిబ్బను చూసి ఊరి రూపం ఊహించుకోగలిగే మనిషైతే కనౌనా మీకు నచ్చుతుంది. లేదంటే పావుగంటలో విసుగొస్తుంది. వెళ్ళే ముందు ఊరి చరిత్ర చదువుకుని వెళ్ళండి. 1898లో ఫాదర్ లాంగ్ అనే యువ పాదిరీ ఒక పెద్ద బంగారు ముద్ద సంగతి తనకు తెలిసిందన్నాడు. ఎక్కడ దొరికిందో చెప్పమని జనం పట్టుపడితే, హోటలు బాల్కనీ ఎక్కి వేలమంది ముందు ప్రకటించాడు. విన్న మరుక్షణం సైకిళ్ళు, గుర్రాలు, బండ్లు, కాలినడకన జనం పరుగు తీశారు. అక్కడ ఏమీ దొరకలేదు. ఆ హోటలూ లేదు, ఆ వీధీ లేదు. ఈ కథ తెలిసి ఆ ఖాళీ నేలమీద నిలబడటం, తెలియక నిలబడటం ఒకటి కాదు.

కల్గూర్లీలో దిగినవాళ్ళు సాయంత్రం వేళ రెండు గంటలు కేటాయిస్తే చాలు. దీనికోసమే ప్రత్యేకంగా పెర్త్ నుంచి రావద్దు.

## కూకినీ: సగం చచ్చిన ఊరు

కల్గూర్లీ నుంచి లియోనోరా వెళ్ళే దారిలో మెన్జీస్ అనే ఊరు దాటాక గోల్డ్‌ఫీల్డ్స్ హైవే మీంచి తూర్పుకు తిరగాలి. 1900ల తొలినాళ్ళలో వేలమంది ఉన్న ఊళ్ళో ఇప్పుడు పది పదిహేను మంది ఉంటారేమో. 1902లో కట్టిన గ్రాండ్ హోటల్ మాత్రం పబ్బుగా నడుస్తూనే ఉంది. చుట్టూ మొండిగోడలు, తుప్పుపట్టిన సామాను, వెడల్పాటి ఖాళీ వీధి. మధ్యలో బారు. బారు దగ్గర కూర్చుంటే ఆ ఊరి సంగతులు బోర్డు మీద చదవక్కర్లేదు, మనుషులే చెబుతారు.

దారిలోనే నయాగరా డ్యామ్ ఉంది. పేరు చూసి ఊహించుకోకండి, చిన్న కాంక్రీటు కట్ట. 1890ల చివర్లో రైలింజన్లకూ ఊళ్ళకూ నీళ్ళివ్వాలని, ఒంటెల మీద సిమెంటు మోయించి కట్టారు. కట్టడం పూర్తయ్యే వేళకు దగ్గర్లోనే భూగర్భ జలం దొరికింది. పెద్దగా అక్కరకు రాని ఆనకట్ట ఇప్పుడు గుడారాలేసుకునేవాళ్ళకు మాత్రం భేషుగ్గా పనికొస్తోంది. రాత్రి ఆకాశం చూడాలంటే నేను ఈ నాలుగింటిలో దీన్నే ఎంచుకుంటాను.

మెన్జీస్ నుంచి పడమటికి యాభై కిలోమీటర్లు వెళ్తే లేక్ బల్లార్డ్ ఉప్పు సరస్సు. అందులో శిల్పి ఆంటొనీ గార్మ్లీ 2003లో నిలబెట్టిన 51 లోహ విగ్రహాలున్నాయి. మెన్జీస్ వాసుల ఒంటి కొలతలు తీసుకుని చేసినవి. గ్వాలియా, కూకినీ, లేక్ బల్లార్డ్ ఒకే ప్రయాణంలో ఇముడుతాయి, అదే కూకినీకి ఉన్న అసలు బలం. ఈ పక్కదారుల్లో కంకర, మట్టి భాగాలుంటాయి. వాన పడితే మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే జరిమానా.

## బిగ్ బెల్: ఫొటోల కోసం, కానీ దిక్కు వేరు

ఇది కల్గూర్లీ వైపు కాదు. పెర్త్ నుంచి ఈశాన్యంగా గ్రేట్ నార్తర్న్ హైవే మీద సుమారు 650 కిలోమీటర్లు వెళ్తే క్యూ అనే ఊరు, అక్కణ్ణుంచి పడమటికి ముప్పై కిలోమీటర్లు. 1936 ప్రాంతంలో పుట్టి 1955లో గనితో పాటే పోయింది, ఇరవై ఏళ్ళు కూడా బతకలేదు. మిగిలిన వాటిలో పెద్దది హోటలు. పైకప్పు లేని ఇటుక గోడలు, ఖాళీ కిటికీలు, లోపల మొలిచిన పొదలు. పొద్దువాలే వేళ ఆ ఇటుక రంగు కోసమే ఎంతోమంది కెమెరాలు పట్టుకుని వస్తారు. గోడల కిందికి మాత్రం వెళ్ళొద్దు, ఎప్పుడు ఏ పెళ్ళ రాలుతుందో తెలియదు. చుట్టుపక్కల గని లీజు భూమి, కంచె దాటకండి.

ఇక్కడ అసలు లాభం క్యూ. రాతి భవనాలతో చక్కగా నిలిచిన, జనం ఇంకా ఉన్న చిన్న ఊరు. రేకులతో కట్టిన రెండంతస్తుల మేసనిక్ లాడ్జి, అంటే ఫ్రీమేసన్ల సంఘం సమావేశ మందిరం, చూసి తీరాలి. దక్షిణాన కొద్ది దూరంలో డే డాన్ అనే ఊరు మొత్తం పోగా, గ్రేట్ ఫింగల్ గని ఆఫీసు ఒక్కటే మిగిలింది. యాభై కిలోమీటర్ల దూరంలో వాల్గా రాక్ మీద వజారీ ఆదివాసుల చిత్రాలున్నాయి. వాటి మధ్య, సముద్రానికి ఇంత దూరంలో, ఒక తెరచాప ఓడ బొమ్మ కూడా ఉంది.

చాలామంది వేసుకునే తప్పుడు లెక్క ఒకటుంది. "ఎలాగూ అవుట్‌బ్యాకే కదా, గ్వాలియా చూసుకుని బిగ్ బెల్‌కు పోదాం" అంటారు. లియోనోరా నుంచి లైన్‌స్టర్, శాండ్‌స్టోన్, మౌంట్ మాగ్నెట్ మీదుగా క్యూ చేరడానికి ఐదొందల కిలోమీటర్లు దాటుతుంది. వారం రోజులుంటే హాయిగా చేయండి. నాలుగు రోజుల సెలవుకైతే ఏదో ఒక దిక్కు వదులుకోవాలి.

## ఒక్క చూపులో

| | గ్వాలియా | కనౌనా | కూకినీ | బిగ్ బెల్ |
|---|---|---|---|---|
| మిగిలింది | సామానుతో ఇళ్ళు, హోటలు, గని కట్టడాలు | బోర్డులు, సమాధులు, ప్లాట్‌ఫారం | నడిచే పబ్బు, మొండిగోడలు | పెద్ద ఇటుక శిథిలాలు |
| చేరే ఊరు | కల్గూర్లీ, లియోనోరా | కల్గూర్లీ | మెన్జీస్ | క్యూ |
| మామూలు కారు | ఇబ్బంది లేదు | వానల్లేకపోతే సరే | రోడ్డు స్థితి చూసుకోవాలి | రోడ్డు స్థితి చూసుకోవాలి |
| చూడ్డానికి పట్టేది | సగం రోజు | గంట | పూట, లేదా రాత్రి బస | పూట |
| పిల్లలు, పెద్దవాళ్ళు | బాగుంటుంది | పిల్లలకు విసుగు | పర్వాలేదు | పిల్లల్ని వదిలిపెట్టకూడదు |
| ఏకాంతం | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

## ఎవరికి ఏది

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే రెండో ఆలోచన వద్దు, గ్వాలియా. పెర్త్ నుంచి కల్గూర్లీకి విమానంలో గంట, ప్రాస్పెక్టర్ రైల్లో దాదాపు ఏడు గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుంటే అలసట సగం తగ్గుతుంది. కల్గూర్లీలో సూపర్ పిట్ చూపించండి, మూడున్నర కిలోమీటర్ల పొడవు గొయ్యి, చూసే గట్టుకు టికెట్టు లేదు. చిత్తూరు, కుప్పం వైపు పెద్దవాళ్ళయితే కేజీఎఫ్ గుర్తుచేసుకోకుండా ఉండరు. 2001లో మూతపడ్డ ఆ గనుల పక్కన సైనైడ్ దిబ్బలు అలాగే ఉండిపోయాయి. కల్గూర్లీలో అలాంటి పాత దిబ్బల్ని మళ్ళీ శుద్ధి చేసి మిగిలిన బంగారాన్నీ పిండుకున్నారు.

రెండు రోజులే ఉంటే గ్వాలియా పేరెత్తకండి. కల్గూర్లీ, కనౌనా, ముప్పై తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని కూల్గార్డీ చాలు. 1892లో బేలీ, ఫోర్డ్ ఇద్దరూ బంగారం కనుక్కుని ఈ హడావుడంతా మొదలుపెట్టింది కూల్గార్డీలోనే. ఊరు చావలేదు గానీ దాని వీధి వెడల్పు, ఇప్పటి జనం పలచదనం పక్కపక్కన చూస్తే సంగతి తెలుస్తుంది. శ్మశానం తప్పక చూడండి. టైఫాయిడ్‌తో పోయిన కుర్రాళ్ళ మధ్య 'అఫ్ఘాన్' ఒంటెలవాళ్ళ సమాధులున్నాయి. పేరుకు అఫ్ఘాన్లన్నారు గానీ చాలామంది బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి, అంటే అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చినవాళ్ళే. రైలు, పైపులైను రాకముందు ఈ గనులకు తిండి, నీళ్ళు, యంత్రాలు మోసింది వాళ్ళ ఒంటెలు.

ఫొటోలే ధ్యేయమైతే బిగ్ బెల్. కుర్రకారు గుంపుగా గుడారాలేసుకోవాలంటే కూకినీ, నయాగరా డ్యామ్. నాలుగైదు రోజులుండి అన్నీ కొంచెం కొంచెం కావాలంటే కూల్గార్డీ నుంచి లావర్టన్ దాకా 965 కిలోమీటర్ల గోల్డెన్ క్వెస్ట్ దారి ఉంది. మొత్తం చేయాలని పట్టుదల అక్కర్లేదు, నచ్చిన ముక్క తీసుకోండి.

దెయ్యాల ఊళ్ళ జాబితాల్లో విట్టెనూమ్ పేరు కనిపిస్తే మాత్రం కొట్టేయండి. అది బంగారం ఊరు కాదు, ఆస్బెస్టాస్ గని ఊరు. ఆ ధూళి పీల్చి ఎంతోమంది చనిపోయారు, ప్రభుత్వం ఆ ఊరిని మ్యాపులోంచే తీసేసింది.

## ఏ ఊరెంచుకున్నా

మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళండి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటడం మామూలు, దానికి తోడు ఈగలు. చలికాలంలో పగలు హాయి, రాత్రి సున్నా దాకా దిగుతుంది, స్వెట్టర్లు మరవొద్దు. వానలు బాగుంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో క్యూ వైపు అడవిపూలు పరుచుకుంటాయి. బిగ్ బెల్ ఎంచుకునేవాళ్ళు ఆ నెలల్లో పెట్టుకోవడం మేలు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పాత గని బావులు. ఈ నేల నిండా కంచె లేని గోతులున్నాయి, కొన్నిటి అంచు లోపల గుల్ల. ఫొటో కోసం కెమెరాలో చూస్తూ వెనక్కి అడుగులేయడం ఇక్కడ పనికిరాదు. పొదల్లోకి అడ్డదారి తొక్కొద్దు. పాత సీసా, రేకు డబ్బా, గుర్రపు నాడా ఏది కనిపించినా అక్కడే వదిలేయండి. మెటల్ డిటెక్టరు పట్టుకెళ్ళాలంటే 'మైనర్స్ రైట్' అనే అనుమతి తీసుకోవాలి, అది ఉన్నా లీజు భూమిలో యజమాని ఒప్పుకోవాలి.

అద్దె కారు ఒప్పందం సంతకానికి ముందే చదవండి. మట్టి రోడ్డు మీద, చీకటి పడ్డాక ఊరి బయట నడిపితే బీమా వర్తించదని చాలా కంపెనీలు రాస్తాయి. అది కేవలం కంపెనీ గొడవ కాదు, సందె వేళ కంగారూలు నిజంగానే రోడ్డు మీదికి వస్తాయి. ట్రెయిలర్లు వరసగా తగిలించుకుని యాభై మీటర్లు దాటిన రోడ్ ట్రెయిన్ లారీని దాటాలంటే ఎదురుగా ఖాళీ రోడ్డు ఎంత కావాలో మన హైవేల అనుభవంతో అంచనా వేయొద్దు. పెట్రోలు బంకు కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపండి. ఊరు దాటితే ఫోను సిగ్నల్ పోతుంది, ఉన్నచోట టెల్‌స్ట్రాదే కాస్త నయం. కారు ఆగిపోతే వదిలి నడవకండి, మనిషి కన్నా కారే దూరానికి కనిపిస్తుంది. మనిషికి రోజుకు ఐదు లీటర్లకు తగ్గకుండా నీళ్ళు పెట్టుకోండి.

శాకాహారులకు పబ్బుల్లో చిప్స్ తప్ప పెద్దగా దిక్కుండదు. మొదటి రోజుకు పులిహోర, తర్వాత చపాతీలు, పొడులు, ఊరగాయ, చిన్న గ్యాసు పొయ్యి ఉంటే నడిచిపోతుంది. మండు వేసవిలో మంట పెట్టడంపై నిషేధాలుంటాయి, పొయ్యి వెలిగించేముందు ఆ రోజు నిబంధన చూడాలి. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చేవాళ్ళు పళ్ళు, కూరగాయలు, తేనె వెంట తెచ్చుకోవద్దు. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి అడుగుపెట్టేటప్పుడు క్వారంటీన్ తనిఖీలో పోతాయి. అవి పెర్త్‌లోనో కల్గూర్లీలోనో కొనుక్కోవచ్చు. లియోనోరా దాటాక మాత్రం దొరికినదే సరుకు, చెప్పినదే ధర.